చుట్ట ముట్టించేంతసేపు

ఆయన పోయిన సంగతి నాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. కరీంనగరంలో మా బడి గేటు ముందు ఒక మనిషి సైకిలు దిగి, నన్ను కిందికీ మీదికీ చూసి, "నాటకం పంతులు నువ్వేనా?" అన్నాడు. నేనేనన్నాను. "మా ఊర్ల స్టోర్ సాబ్ పోయిండు. పెద్దకర్మకు నీకు చెప్పి రమ్మన్నది ఇంటామె. ఇంక రెండు మూడు ఊర్లకు చెప్పేదున్నది" అని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా మళ్ళీ సైకిలెక్కాడు. వేములవాడ దిక్కు పల్లె నుంచి ఎండలో తొక్కుకుంటూ వచ్చిన మనిషి. నేను తరగతిలోకి పోయి పాఠం చెప్పాను. ఏ పాఠమో గుర్తు లేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరెత్తేంత మంచి నేను ఆయనకు చేయలేదు. అయినా మిల్లు ఊళ్ళో ఆయన పేరు చెబితే సగం మందికి తెలియదు. "జర ఆగు సాబ్" అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించేవాళ్ళు.

ఆదిలాబాదు జిల్లాలో కాగితం మిల్లున్న ఆ ఊళ్ళో నేను ఏడేళ్ళు పంతులు పని చేశాను. అక్కడ వెదురు ఉడికే వాసనకు మొదటి నెల ముక్కు మూసుకుంటాం. రెండో నెల నుంచి అది లేకపోతే తోచదు. ఆయన ఆ మిల్లులో స్టోరు గుమాస్తా. బోల్టులు, బేరింగులు, బెల్టులు, గ్రీజు డబ్బాలు అన్నీ ఆయన చేతిమీదుగానే పోవాలి. ఫిట్టర్లు పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్ళు.

"సాబ్, మిషన్ ఆగింది! బేరింగ్ గావాలె, జల్ది!"

"జర ఆగు."

అలా అని కళ్ళు మూసుకునేవాడు. నోట్లో ముట్టించని చుట్ట ఉండేది. కాగితం మిల్లు కదా, గేటు లోపల అగ్గిపుల్ల గీస్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకని షిఫ్టు పొడుగునా ఆ చుట్టను ఈ పెదవి మూల నుంచి ఆ పెదవి మూలకు తిప్పుకుంటూ కూర్చునేవాడు. ఫిట్టరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతుండేవాడు. కాసేపటికి ఆయన లేచి, తిన్నగా ఒక అర దగ్గరికి పోయి, చెయ్యి పెట్టి అడిగిన వస్తువు తీసేవాడు. వెతకడం నేనెప్పుడూ చూడలేదు. "ముందుగాల ఆలోచన జేస్తె కాళ్ళకు పని తక్కువ" అనేవాడు.

షిఫ్టు దిగి గేటు దాటాక అసలు పూజ మొదలయ్యేది. గేటు బయట ఒక సిమెంటు బెంచీ ఉండేది. దాని మీద కూర్చుని, నమిలిన చుట్టను అవతల పారేసి, రేకు డబ్బాలోంచి పొగాకు తీసి, మోకాలి మీద పరిచి, ఈనె తీసి, నింపాదిగా చుట్టి, అంచు నాలుకతో తడిపి, కొస కొరికి ఉమ్మి, అగ్గిపుల్ల గీసేవాడు. అది జరుగుతున్నంతసేపు ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. ఒకసారి మేనేజరు వచ్చి నిలబడ్డాడు, అయినా అంతే. మొదటి పొగ వదిలాకే "ఆఁ, ఇగ చెప్పు" అన్నాడు. మేనేజరు ఏం చెప్పడానికి వచ్చాడో మరచిపోయి వెళ్ళిపోయాడు.

ఆ బెంచీ మీదే ఆయన జర్మన్ నేర్చుకున్నాడు. నవ్వకండి, నిజం. ఆయనది నేత పని చేసే ఇల్లు, చదువు ఉర్దూలో, అదీ మెట్రిక్కు దాకానే. అయితే మిల్లుకు కొత్త మిషన్లు వచ్చినప్పుడు వాటి పెట్టెల మీది రాత ఎవరికీ తెలియలేదు. ఏ పెట్టెలో ఏముందో తెలియకుండా దాన్ని స్టోరులో ఎక్కడ పెట్టాలి? ఆ చిరాకుతో ఆయన మిషన్లు బిగించడానికి వచ్చిన ఫోర్‌మన్ దొరను పట్టుకున్నాడు. దొరది నిజానికి జర్మనీ కాదు, దాని పక్క దేశం, కొండల మధ్య ఏదో పల్లె. మాట మాత్రం జర్మనే. మొదట పెట్టెల మీది మాటలు, తర్వాత అంగడిలో కోడిగుడ్లు బేరమాడే మాటలు, ఆ తర్వాత ఇంటి ముచ్చట్లు. సాయంత్రాలు ఇద్దరూ ఆ బెంచీ మీద, ఒకరు పైపుతో, ఒకరు చుట్టతో. రెండేళ్ళకు దొర పని ముగించుకుని వెళ్ళిపోతూ ఆయన చేతిలో ఒక పుస్తకం పెట్టిపోయాడు. అదొక నాటకం. దొర చిన్నతనంలో తన ఊళ్ళో ఆ నాటకంలో సిపాయి వేషం కట్టాడట.

కథ చిన్నది. యుద్ధ కాలం. కొండ పల్లెలో ఒక యువకుడు సిపాయిలకు దొరక్కుండా తన ఇంటి అటక మీద దాక్కుంటాడు. సిపాయిలు వచ్చి అడిగితే పక్కింటి ముసలివాడు ఆ ఇల్లు చూపిస్తాడు. ఇదంతా మొదటి రంగంలోనే అయిపోతుంది, చూసేవాళ్ళందరికీ తెలుసు. తెలియనిది ఆ పిల్లవాడి తల్లికి ఒక్కదానికే. ఏళ్ళు గడుస్తాయి. చివరి రంగంలో ఆమె ముసలివాడి ఇంటికి వచ్చి కూర్చుని, ఆ రోజు మా ఇల్లు ఎవరు చూపించారని అడుగుతుంది. ముసలివాడు ఏమీ చెప్పడు. పైపు తీసి, దులిపి, పొగాకు నింపి, ముట్టిస్తాడు. అంతసేపూ ఆమె చూస్తూ ఉంటుంది. చూసి, తెలుసుకుని, లేచి వెళ్ళిపోతుంది. తెర.

దీన్ని తెలుగు చేయడానికి ఆయనకు ఆరేళ్ళు పట్టింది. దగ్గరున్నది ఒక పాత నిఘంటువు, అది జర్మన్ నుంచి ఇంగ్లీషుకు. ఇంగ్లీషు ఆయనకు అంతంత మాత్రం. అందుకని ముందు ఉర్దూలో రాసుకునేవాడు, దాన్ని చూసి తెలుగు. ఒకే నోటుబుక్కులో ఉర్దూ కుడి నుంచి వచ్చేది, తెలుగు ఎడమ నుంచి వచ్చేది. మంచు దగ్గర రెండు నెలలు ఆగిపోయాడు. "మంచు పడుతున్నది అని రాస్తే మనోల్లు చలి అనుకుంటరు గని, బయటికి ఎల్లలేని పరేషాని సమజ్ గాదు" అని మథనపడి, చివరికి మంచును ముసురు చేశాడు. వారం రోజులు పట్టిన ముసురు. పైపు చుట్ట అయింది. ఒక్క మాట కూడా వదిలిపెట్టేవాడు కాదు. "పోగు తెగితె అతుకాలె గని దాటిపోతరా? మా బాపు చూస్తె తంతడు" అనేవాడు.

రాసిందంతా నాకు చదవమని ఇచ్చాడు. నేను ఆ ఊళ్ళో నాటకాలు ఆడించే పంతుల్ని, ఆడే పంతుల్ని. చివరి రంగం చదువుతూ పేజీ తిప్పితే తెలుగు దిక్కు మొత్తం ఖాళీగా ఉంది. ఎదురు పేజీలో ఉర్దూలో "ఖామోషీ" అని, అంటే మౌనమని, ఒక్క మాట.

"సాబ్, గీ పేజీ రాసుడు మర్సిపోయిండ్రు" అన్నాను.

"మర్వలే. రాసిన. గదే రాసిన."

పుస్తకం అట్టలో దొర దాచిపెట్టిన పత్రికల ముక్కలు ఉన్నాయి. ఆ నాటకం ఏ దేశాల్లో ఎలా ఆడిందో అన్నీ వాటిలో ఉండేవి. ఆయన వాటిని చుట్టాల ఇళ్ళ ముచ్చట్లలాగా చెప్పేవాడు. మొదట దొర వాళ్ళ ఊళ్ళోనే, పశువుల కొట్టంలో ఆడారట, అక్కడ ఎవరూ కిక్కురుమనలేదట. తర్వాత వాళ్ళ రాజధానిలో ఆడితే జనం దగ్గారట, దాంతో ఆ చోట ఫిడేలు పెట్టారట. ఇంగ్లీషులోకి పోయాక ముసలివాడు మోకాళ్ళ మీద పడి క్షమించమన్నాడట. అమెరికాలో అయితే ఏకంగా తుపాకీ పేల్చుకున్నాడట! ఇది చెప్పినప్పుడల్లా ఆయన పక్కకు తిరిగి ఉమ్మేవాడు.

"ఒక్కలంటె ఒక్కలు ఊకుండలే పంతులూ. గన్ని దేశాలు తిరిగి మన దగ్గరికి వచ్చింది. మనమన్న ఊకుండాలె."

ఆయనకు కావలసింది అదొక్కటే. వేషాలు, తెరలు, ఎవరి పేరు ముందు పిలవాలి, ఏదీ పట్టలేదు. చివర చుట్ట చుట్టి ముట్టించేదాకా స్టేజి మీద ఎవరూ నోరు విప్పొద్దు. అంతే.

ఇక నా సంగతి. ఆ రోజుల్లో నా గొంతు బాగుండేది. బాగుందని నాకు తెలిసి ఉండటమే దరిద్రం. నేను స్టేజి ఎక్కితే పద్యం పాడకుండా దిగడమంటే పెళ్ళికి పోయి బువ్వ తినకుండా రావడమే. ముసలివాడి వేషం నాకే ఇచ్చాడు. ఇచ్చినరోజే అడిగాను, చివర చిన్న పద్యం ఒకటి పెడదామా అని. ఆయన చుట్ట ముట్టించి, పొగ వదిలి, అప్పుడు చెప్పాడు.

"నువ్వు పద్యం పాడితె, గా ఫిడేలు వెట్టినోనికి మనకు ఫరక్ ఏంది?"

అమ్మ వేషానికి ఒక ఫిట్టరు దొరికాడు. మంచి నటుడు, కానీ మీసం తీయనన్నాడు. "బాపు బతికుండంగ మీసం ఎట్ల తీస్త సాబ్? ఊర్ల నన్ను బతుకనిస్తరా?" అన్నాడు. తండ్రి పోతేనే కదా మీసం తీసేది! ఎంత చెప్పినా వినలేదు. చివరికి కొంగు మూతికి అడ్డం పెట్టుకునే ఆడమన్నాం. ముసురు పడుతోంది కనుక ఆమె కొంగు కప్పుకుందని ఆయన నోటుబుక్కులో ఒక మాట చేర్చాడు కూడా.

రిహార్సళ్ళలో నా పని ఊరుకోవడం. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి చుట్ట చుట్టడం నేర్పాడు. పొగాకు చిరిగిపోయేది. అంతకంటే కష్టం, చుట్టే కొద్దీ నాకు తెలియకుండానే ముక్కులో రాగం వచ్చేది. ఆయన మోకాలి మీద తట్టేవాడు. "నోరు మూసుకునుడు సుత వేషమే పంతులూ. నువ్వు ఊకె కూసుంటలేవు, ఎప్పుడెప్పుడు పాడుదునా అని కూసున్నవ్" అన్నాడొకసారి. మనిషి లోపల ఏమున్నదో అలా చూసి చెప్పేవాళ్ళంటే నాకు అప్పట్లో ఒళ్ళుమంట.

దసరా పండుగకు మిల్లు క్లబ్బు ముందు ఖాళీ జాగలో నాటకం పెట్టారు. పగటి షిఫ్టు దిగగానే మొదలు, ఇంకా వెలుతురు పోలేదు. ఆయన ఆ రోజు కొత్త ధోవతి కట్టాడు. ప్రాంప్టింగు తనే చెబుతానని నోటుబుక్కు పట్టుకుని స్టేజి పక్కన కూర్చున్నాడు. కానీ కుదురుగా లేడు. మాటిమాటికీ లేచి ఆడవాళ్ళ చాపల దిక్కు పోయి చూసి వస్తున్నాడు. అక్కడ ముందు వరసలో ఒక ముసలామె కూర్చుని ఉంది, నల్లటి సన్నటి మనిషి, ఒళ్ళో మూట. ఆయన స్వయంగా చెంబుతో నీళ్ళు తీసుకుపోయి ఇచ్చాడు. ఊరి నుంచి వచ్చిన చుట్టం అనుకున్నాను. నా పూనకం నాది, ఎవరో ఏమిటో అడగలేదు.

నాటకం బాగా నడిచింది. సిపాయిలు అటక మీది నుంచి పిల్లవాణ్ణి గుంజుకుపోయే రంగంలో జనం ఊపిరి బిగబట్టారు. ఆ జనంలో అలాంటివి కళ్ళారా చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు, అప్పటికి పోలీసు యాక్షన్ అయి పట్టుమని పన్నెండేళ్ళు కాలేదు. చివరి రంగం వచ్చింది. మీసం ఫిట్టరు కొంగు కప్పుకుని వచ్చి నా ముందు కూర్చున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"మా ఇల్లు ఎవలు చూపిండ్రు?"

నేను డబ్బా తీశాను. మోకాలి మీద పొగాకు పరిచాను. ఈనె తీశాను. జనం నిశ్శబ్దంగా ఉన్నారు. చుట్టడం మొదలుపెట్టాను. ఎవడో దగ్గాడు. వెనకాల ఎవరో, "మాట మర్సిండు రా" అన్నారు. కొందరు నవ్వారు. ఇంకొకడెవడో, "పద్యం అందుకో పంతులూ!" అని కేక వేశాడు. ఇంతలో హార్మోనియం వాయించే అతను, పాపం నన్ను ఆదుకుందామనే, శ్రుతి ఇచ్చాడు. ఆ ఊరికి వచ్చినప్పటి నుంచి నాకు ఆ శ్రుతి ఇస్తున్న మనిషి. పక్కకు చూస్తే ఆయన చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు వద్దని. చూశాను. చూసి కూడా నోరు తెరిచాను.

ఎప్పుడో ఒక పౌరాణికం కోసం, రాజు మునిని క్షమాపణ అడిగే చోట నేను కట్టుకున్న పద్యం అది. గొంతెత్తి పాడాను. తెలియక చేసిన పాపమనీ, తల్లి మనసు కంటే పెద్దది లోకంలో లేదనీ, కడుపులో పెట్టుకోమనీ. చివరి పాదం మీద రాగం తీస్తుంటే చప్పట్లు వానలా మొదలయ్యాయి. వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ పాడాను. ఇంకోసారి అన్నారు. ఇంకోసారి పాడాను. మీసం ఫిట్టరు ఏం చేయాలో తోచక నా తల నిమిరాడు. తెర దించారు.

పక్కకు వచ్చేసరికి ఆయన నోటుబుక్కు మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను పొగడ్త కోసం నిలబడ్డాను. నిజంగానే నిలబడ్డాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

"జర ఆగకపోతివి పంతులూ" అన్నాడు. కోపంగా కాదు. ఆ తర్వాత లేచి ఆ ముసలామెను బండి ఎక్కించడానికి వెళ్ళాడు.

పద్యానికి పేరొచ్చింది. బొగ్గు బావుల దిక్కు నుంచి పిలిచారు, మంథని నుంచి పిలిచారు, అందరూ ఆ పద్యం ఉండాలన్నారు. నాలుగు చోట్ల ఆడాం. ఆయన రాలేదు. నోటుబుక్కు అడిగితే, "రాసుకున్నరు గదా, ఆడుకోండ్రి" అన్నాడు. నేను కనిపిస్తే ఎప్పటిలాగే పలకరించేవాడు, బెంచీ మీద పక్కన చోటిచ్చేవాడు. దాంతో నేను ఆ సంగతి ఆయన మరచిపోయాడనుకున్నాను. మనకు పనికొచ్చేటట్టు అనుకోవడంలో మనల్ని మించినవాళ్ళు లేరు.

తర్వాత నాకు కరీంనగరం బదిలీ అయింది. మూడేళ్ళ కింద ఒక మధ్యాహ్నం బస్‌స్టాండులో ఆయన కనిపించాడు. కళ్ళు చూపించుకోవడానికి వచ్చాడట. నౌకరీ వదిలి సొంత ఊరికి వచ్చేస్తున్నాననీ, ఇంటికి సున్నం వేయిస్తున్నాననీ చెప్పాడు. చాయ్ తాగాం. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, నవ్వుతూ, "గా పద్యం లేకపోతే మన నాటకం నడువకపోవు సాబ్" అన్నాను.

ఆయన డబ్బా తీశాడు. పొగాకు పరిచాడు. చూపు మందగించింది కదా, ఈనె వేలితో తడుముకున్నాడు. నేను కూర్చున్నాను. పొగ వదిలాక చెప్పాడు.

"ముంగట ఒక ముసలామె కూసున్నది, యాదికున్నదా?"

"నీళ్ళు ఇచ్చిండ్రు, ఆమేనా?"

"ఆమె కొడుకే."

నాకు అర్థం కాలేదు.

"యాక్షన్‌కు ముందు నేను మా ఊర్ల పట్వారి దగ్గర రాసెటోన్ని. నైజాం పోలీసులు వచ్చి పలానా ఇల్లు ఏదన్నరు. నోటితోని చెప్పలే నేను. చెయ్యి చూపిన. గంతే. పిలగాన్ని అటుక మీదికెల్లి గుంజుకపోయిండ్రు. మల్ల రాలే." చుట్ట నుసి దులిపాడు. "వారం దినాలకు ఆమె ఇంటి ముంగట్నుంచి పోతుంటె పిలిచి అడిగింది. ఇల్లు ఎవలు చూపిండ్రు నాయినా, నీకేమన్న ఎర్కనా అని. నేను మాట్లాడిన పంతులూ. కాలం గట్లున్నదన్న. దేవుడున్నడన్న. వాపస్ వస్తడు, ఫికర్ చెయ్యకన్న. పొద్దుగూకేదాక మాట్లాడిన. గంతసేపు మాట్లాడిండని ఆమె నాకు సల్ల వోసి పంపింది."

బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. కండక్టరు ఎవరో సిరిసిల్ల సిరిసిల్ల అని అరుస్తున్నాడు.

"నాటకానికి ఆమెను పిలిపించిన. ముంగట కూసోవెట్టిన. నువ్వు చెప్పకుండనే చెప్తవనుకున్న."

ఖాళీ చాయ్ గ్లాసు పక్కన పెట్టాను. చివరికి, "మీరే పోయి చెప్పండ్రి సాబ్, ఇప్పుడన్న" అన్నాను.

"చెప్పేదుంటె ఆరేండ్లు గా పుస్తకం ఎందుకు రాస్త?"

"మల్ల ఆడుదాం. ఈసారి నోరు విప్ప. ఒట్టు."

"ఏమని పిలువాలె ఇగ? పోయేటప్పుడు ఆమె ఏమన్నదో ఎర్కనా? పద్యం మస్తు పాడిండు నాయినా, నా పాణం నిమ్మలమైంది అన్నది." ఆయన లేచి ధోవతి దులుపుకున్నాడు. వేములవాడ బస్సు వచ్చింది. ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన ఏదో అంటాడనుకున్నాను. బస్సు కదిలింది. ఆయన్ని చూడడం అదే చివరిసారి.

ఉత్తరం రాద్దామనుకున్నాను. ఊరికి పోదామనుకున్నాను. అరగంటకో బస్సున్న ఊరు. పరీక్షలని ఒక ఏడాది, కూతురి పురుడని ఇంకో ఏడాది. మొత్తానికి పోయింది పెద్దకర్మకే.

భోజనాలయ్యాక మిల్లు నుంచి వచ్చినవాళ్ళు ఆయన గురించి నాలుగు మాటలు చెప్పుకున్నారు. ఫిట్టరు కూడా వచ్చాడు. నున్నటి పైపెదవితో ఉన్నాడు, తండ్రి పోయిన నెలే పోయాడట. అందరూ నా మీద పడ్డారు, పద్యం పాడమని. "సాబ్ రాసిన పద్యం, ఇయ్యాల పాడకుంటె ఎట్ల పంతులూ?" ఆ నాటకం మొత్తంలో ఆయనది కానిది ఆ ఒక్క పద్యమే, జనం మాత్రం దాన్నే ఆయన ఖాతాలో వేశారు. "అది సాబ్ రాసింది కాదు, నేను రాసింది. ఆయన వద్దన్నడు, అయినా పాడిన. ఇయ్యాల పాడ" అన్నాను. అందరూ చిన్నబుచ్చుకున్నారు. నాకు మాత్రం లోపల కొంచెం గర్వంగానే ఉంది. ఇన్నేళ్ళకు ఒకసారైనా నోరు మూసుకున్నాననుకున్నాను.

బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను. అక్కడ బండ మీద ఆ ముసలామె కూర్చుని ఉంది. ఇంకా సన్నబడింది, కళ్ళు మాత్రం అవే. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

"నాటకంల ముసలోని వేషం నీదే గదా బిడ్డా?"

"అవునవ్వా."

"మూడేండ్ల సంది ఒక్క వాడకట్టుల ఉన్నం. నన్ను చూస్తె గోడ దిక్కు మొకం తిప్పుకునేటోడు. ఏం తప్పు చేసిన్నో అనుకునేదాన్ని." కాసేపు రోడ్డు దిక్కు చూసింది. "గంత దూరం రైలెక్కిచ్చి నాకు గా నాటకం ఎందుకు చూపెట్టిండో ఇప్పటికి సమజ్ గాలే. అండ్ల అటుక, గా పిలగాడు... నువ్వు ఆయనకు దోస్తువు గదా. నీకేమన్న చెప్పిండా?"

నా వైపు తిరిగి, మొహంలోకి చూస్తూ కూర్చుంది. తొందరేమీ లేదు ఆమెకు. నేను చేయవలసింది ఎంత చిన్న పనో నాకు తెలుసు. చెప్పనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. నా మొహం చూసి ఆమే తెలుసుకుంటుంది. ఆయన ఆరేళ్ళు కష్టపడింది ఆ కాసేపటి కోసమే. అది ఇప్పుడు నా చేతిలో ఉంది, ఇక ఇంకెవరి చేతిలోనూ లేదు.

"ఆయనకు నాటకాలంటె పాణమవ్వా" అన్నాను. "ఊరోల్లందరికి చూపెట్టాలని ఉండె. మీరంటె గౌరవం ఆయనకు, అందరికన్న ముందుగాల మిమ్మల్నే పిలిచిండు. అది ఏదో పరాయి దేశం కథ. మనకు సంబంధం లేదు. మంచి మనిషి, పోయిండు. కాలం గట్లున్నది. దేవుడున్నడు..."

బస్సు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. నా గొంతు నాకే వినసొంపుగా ఉంది. ఆమె తల ఊపుతూ అంతా విన్నది. కండక్టరు పిలిస్తే లేచాను.

"గంతేనా బిడ్డా?"

"గంతే అవ్వా."

"మంచిది" అన్నది. "నేనింకేమో అనుకున్న."